చిరుతపులి మీద సైనికుడు: ‘ప్రపంచం చూపిస్తాం రా’ అన్న ఎర ఎవరి కోసం?

మొదటి ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ పోస్టర్ ఒకటుంది. అందులో ఒక మెరీన్ సైనికుడు (మెరీన్లంటే నేవీతో పాటు ఓడల్లో వెళ్ళి ఒడ్డున దిగి పోరాడే దళం) గుర్రం ఎక్కినంత దర్జాగా చిరుతపులి మీద ఎక్కి కూర్చుని ఉంటాడు. దాని మీద రెండు ప్రశ్నలు. ప్రయాణాలు కావాలా? సాహసం కావాలా? జవాబు కూడా వాళ్ళే ఇచ్చేశారు: అయితే మెరీన్స్‌లో చేరు. బొమ్మ వేసింది జేమ్స్ మాంట్‌గొమరీ ఫ్లాగ్. తెల్లగడ్డం అంకుల్ శామ్ వేలు మన ముక్కు మీదికి పెట్టి ‘నువ్వే కావాలి’ అంటాడే, ఆ బొమ్మ కూడా ఈయనదే. ఇంతకీ ఆ రోజుల్లో మెరీన్లు పెద్ద సంఖ్యలో ఉన్న చోట్లలో ఒకటి కరీబియన్ సముద్రంలోని హైతీ. 1915లో ఆ దేశాన్ని ఆక్రమించి 1934 దాకా కదల్లేదు. హైతీలో చిరుతపులులు ఉండవు.

సరే, పోస్టర్‌లో జంతుశాస్త్రం వెతకడం మన తప్పే. కానీ నాకు ఆసక్తి ఉన్నది పులి మీద కాదు, ఆ రెండు ప్రశ్నల మీద. ‘నేవీలో చేరు, ప్రపంచం చూడు’ అన్న మాట ఇంగ్లీషులో ఎంత నలిగిపోయిందంటే, అది సైన్యాలు పుట్టినప్పటి నుంచీ ఉందనిపిస్తుంది. లేదు. దాని వయసు నూటపాతిక ఏళ్ళకు అటూ ఇటూ. ఒక కవి ఒక రాత్రి కూర్చుని రాసిన లైను కూడా కాదు. ఒక ప్రత్యేకమైన అవసరం వచ్చినప్పుడు, ఒక ప్రత్యేకమైన కుర్రాణ్ణి దృష్టిలో పెట్టుకుని, భర్తీ చేసేవాళ్ళ నోళ్ళలో నానుతూ తయారైన మాట అది. ఆ కుర్రాడెవరో పట్టుకుంటే చిక్కు దాదాపు విడిపోతుంది.

ముందు ఆ మాట లేని రోజులు చూద్దాం. 18వ శతాబ్దంలో, నెపోలియన్ యుద్ధాల కాలంలో బ్రిటిష్ నేవీకి మనుషులు చాలకపోతే ఏం చేసేవాళ్ళంటే, కర్రలు పట్టుకున్న ఒక ముఠాను రేవు పట్టణం మీదికి వదిలేవాళ్ళు. సముద్రం మీద పని చేసిన అలవాటున్నవాడు కనిపిస్తే సారా దుకాణం నుంచైనా సరే, వ్యాపార ఓడ మీంచైనా సరే లాక్కుపోవడమే. దానికి చట్టం కూడా ఒప్పుకుంది. రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయేవాడికి నినాదం ఎందుకు? ఇష్టపడి వచ్చేవాళ్ళ కోసం పోస్టర్లు వేయలేదని కాదు, వేశారు, కాకపోతే వాటిలో ఊరించింది డబ్బుతో: శత్రువు ఓడను పట్టుకుంటే అందులో సరుకు అమ్మగా వచ్చిన సొమ్ములో వాటా. సైన్యంలో అయితే చేరిన రోజున చేతిలో పెట్టే రాజుగారి షిల్లింగు. ప్రయాణం గురించి ఎవరూ గొప్పలు పోలేదు. ఎందుకంటే వాళ్ళు పట్టుకునేది రేవులో పుట్టి పెరిగిన మనుషుల్ని. పురుగులు పట్టిన బిస్కట్టు, కొరడా దెబ్బలు, ఏళ్ళ తరబడి ఇంటి ముఖం చూడకపోవడం, ఇవన్నీ పక్కింటివాడి నోట విన్నవాళ్ళు. సముద్రం పక్కన ఉండేవాడికి సముద్రం అమ్మలేం.

ఇక్కడే అసలు మలుపు. 1880ల నుంచి అమెరికా పాత తెరచాప ఓడల్ని పక్కన పెట్టి ఉక్కు యుద్ధనౌకలు కట్టడం మొదలుపెట్టింది. పాత ఓడకు కావలసింది తాడు పట్టి తెరచాప ఎక్కగలిగే ముదురు నావికుడు. కొత్త ఓడ అంటే నీటి మీద తేలే ఫ్యాక్టరీ. దానికి కావలసింది బాయిలర్ దగ్గర పార పట్టేవాడు, వైర్లు బిగించేవాడు, చెప్పింది నేర్చుకునే వయసువాడు. పైగా అప్పటిదాకా అమెరికన్ ఓడల్లో సిబ్బంది చాలామంది వేరే దేశాల నుంచి వచ్చి రేవుల్లో తిరుగుతున్న నావికులే, ఇంగ్లీషువాళ్ళు, ఐరిష్‌వాళ్ళు, స్కాండినేవియావాళ్ళు. దేశం పెద్దదవుతున్న కొద్దీ నేవీ పెద్దలకు ఇది నచ్చలేదు. ‘మన’ కుర్రాళ్ళు కావాలన్నారు. మనవాళ్ళు అంటే వాళ్ళ లెక్కలో తెల్ల కుర్రాళ్ళే, అది వేరే కథ. ఆ కుర్రాళ్ళు ఎక్కడున్నారు? దేశం మధ్యలో, మొక్కజొన్న చేలల్లో. కాన్సస్, అయోవా, నెబ్రాస్కా. సముద్రాన్ని బొమ్మల్లో తప్ప చూడని మనుషులు.

దాంతో భర్తీ బృందాలు రేవులు వదిలి రైలెక్కి లోపలి ఊళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఆ కుర్రాడి స్థానంలో ఉండి చూడండి. నాన్న పొలం, అన్న పొలం, పొద్దున ఆవులు, సాయంత్రం ఆవులు, ఆదివారం చర్చి. జీతం అంటే ఫ్యాక్టరీలో అంతకంటే ఎక్కువే వస్తుంది, కాబట్టి జీతం చెప్పి లాగలేరు. దేశభక్తి చెబుదామంటే యుద్ధమేమీ లేదు. ఇక మిగిలింది ఒకటే, వాడి దగ్గర లేనిది, నేవీ దగ్గర మాత్రమే ఉన్నది: ఊరు దాటడం. ప్రయాణం అంటే డబ్బున్నవాళ్ళ సరదా అయిన రోజుల్లో, ఓడలో అలెగ్జాండ్రియానో యోకోహామానో చూసి రావడం ఒక రైతు కొడుకు కలలో కూడా లేని సంగతి. దాన్ని జీతమిచ్చి మరీ చూపిస్తామన్నారు. అంతకంటే గట్టి ఎర ఏముంటుంది?

ఆ మాటకు బలం తెచ్చింది 1907లో ప్రెసిడెంట్ థియొడర్ రూజ్‌వెల్ట్ చేసిన ఒక భారీ ప్రదర్శన. 16 యుద్ధనౌకలు, అన్నిటికీ తెల్ల రంగు, దాదాపు 14 వేల మంది నావికులు. ఆ ఏడాది డిసెంబరు 16న వర్జీనియా తీరంలోని హాంప్టన్ రోడ్స్ నుంచి బయల్దేరి దక్షిణ అమెరికా చుట్టి, శాన్‌ఫ్రాన్సిస్కో, ఆక్లాండ్, సిడ్నీ, యోకోహామా, మనకు దగ్గర్లో కొలంబో, అక్కడి నుంచి సూయజ్ మీదుగా 1909 ఫిబ్రవరి 22న ఇంటికి చేరాయి. సుమారు 43 వేల నాటికల్ మైళ్ళు, 14 నెలలు. అసలు ఉద్దేశం జపాన్‌కీ మిగతా లోకానికీ బలం చూపించడం, ఇంకా నౌకలు కావాలని సొంత పార్లమెంటును ఒప్పించడం. కానీ ఊళ్ళలో పేపర్లు చదివే కుర్రాళ్ళకు కనిపించింది వేరు. ఎక్కడ దిగినా బ్యాండు మేళాలు, విందులు, దండలు. పోస్టుకార్డుల మీద ఆ తెల్ల ఓడలు. భర్తీ వాళ్ళకు రాసుకోవడానికి ఇంకేం కావాలి!

పోస్టుకార్డు మీద కనిపించనిది బొగ్గు. ఆ ఓడలన్నీ బొగ్గుతో నడిచేవి, కొన్ని రోజులకోసారి నింపుకోవాలి. నింపే రోజు ఓడ మీద ఉన్నవాళ్ళలో దాదాపు అందరూ పార పట్టాల్సిందే. వందల టన్నులు బస్తాల్లోకి ఎత్తి, లోపలికి జారవిడిచి, కింద చీకట్లో సర్ది. అయిపోయేసరికి తెల్ల ఓడ నల్లగా, మనుషులు ఇంకా నల్లగా. తర్వాత ఓడంతా కడగాలి, ఎందుకంటే ముందు రేవులో జనం చూడ్డానికి వస్తారు కదా. ఇక కొలిమి దగ్గర పని చేసేవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు, భూమధ్యరేఖ దగ్గర ఇనుప గదిలో మంట ముందు నిలబడి ఎన్ని సముద్రాలు దాటాడో వాడికే తెలియదు. మెల్‌బోర్న్‌లో కొందరు నావికులు మళ్ళీ ఓడెక్కలేదు. అక్కడే ఉండిపోయారు. ప్రపంచం చూడమన్నారు, చూశారు, నచ్చింది. నినాదం మరీ ఎక్కువ పని చేసినట్టుంది.

తర్వాతి పదేళ్ళలో ఈ పద్ధతి ఒక వ్యవస్థగా మారింది. 1911లో నేవీ శిక్షణ కేంద్రం ఒకటి తెరిచారు, ఎక్కడో తెలుసా, షికాగో దగ్గర మిషిగన్ సరస్సు ఒడ్డున. సముద్రానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. కుర్రాళ్ళు అక్కడే ఉన్నారు కాబట్టి నేవీయే వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. 1913లో నేవీ మంత్రి అయిన జోసెఫస్ డేనియల్స్ స్వతహాగా పత్రికా సంపాదకుడు, అంటే మాట ఎక్కడ తగులుతుందో తెలిసినవాడు. నేవీ అంటే తాగుబోతులు అనే పేరు పోగొట్టాలని 1914లో ఓడల మీద మద్యం ఆపించాడు, ఓడ అంటే ఒక బడి అన్నాడు. నాకైతే ఇందులో ఆయన తెలివి కనిపిస్తుంది: కుర్రాడికి ప్రయాణం, వాళ్ళమ్మకు ధైర్యం. భర్తీ చేసేటప్పుడు ఒప్పించాల్సింది ఇద్దర్ని అని ఆయనకు అర్థమైంది. 1936 వచ్చేసరికి ప్రపంచం చూపిస్తామన్న ఈ మాట ఎంత పాతబడిపోయిందంటే, చివరికి చూసింది సముద్రం ఒక్కటేనని హాలీవుడ్ సినిమాలో నావికుల చేత వేళాకోళం పాట పాడించారు.

ఇదే ఎర మహా దారుణంగా ఎదురు తిరిగింది ఆస్ట్రేలియాలో. 1914లో యుద్ధం మొదలయ్యాక అక్కడ చేరిన కుర్రాళ్ళకు రోజుకు ఆరు షిల్లింగులు. అప్పటి సైన్యాల్లో అది మంచి జీతం. పైగా ఆ కుర్రాళ్ళకు ఇంగ్లండ్ పుట్టిల్లు లాంటిది, ఖర్చు లేకుండా చూసి రావచ్చు. అందుకే వాళ్ళను ‘ఆరు షిల్లింగుల టూరిస్టులు’ అని ఆటపట్టించేవాళ్ళు. నిజంగానే ముందు ఈజిప్టు తీసుకెళ్ళారు, శిబిరం పిరమిడ్ల పక్కనే. పిరమిడ్ మీదికి ఎక్కి తీయించుకున్న ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి, చూస్తే కాలేజీ ఎక్స్‌కర్షన్‌లా ఉంటాయి. ఆ తర్వాత 1915 ఏప్రిల్ 25న టర్కీలోని గలీపొలి తీరంలో యుద్ధానికి దించారు. యుద్ధం అయ్యేసరికి, యాభై లక్షల జనాభా కూడా లేని ఆ దేశంలో చనిపోయినవాళ్ళు 60 వేలకు పైనే. నిర్బంధ భర్తీ పెడదామా అని ప్రభుత్వం 1916లో, 1917లో రెండుసార్లు ప్రజలను అడిగితే రెండుసార్లూ వద్దన్నారు.

ఇప్పుడు దీన్ని తిరగేసి మన వైపు నుంచి చూద్దాం, అసలు సంగతి ఇక్కడే బయటపడుతుందని నా ఉద్దేశం. కాన్సస్ కుర్రాడికి ఓడ ప్రయాణం ఆశ. అదే ఓడ ప్రయాణం ఈస్టిండియా కంపెనీ సిపాయికి బెదిరింపు. 1824లో బర్మా యుద్ధానికి కదలమంటే కలకత్తా పక్కన బారక్‌పూర్‌లో బెంగాల్ సైన్యం 47వ పటాలం కదలనంది. సామాను మోసే ఎద్దులు లేవన్నది ఒక కారణం, సముద్రం దాటిస్తారేమో, కులం పోతుందేమో అన్నది ఇంకో భయం. ఫిరంగులు పెట్టి అణిచేశారు. 1856లో ఇక కొత్తగా చేరేవాళ్ళు ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలని చట్టం చేశారు, మరుసటి ఏడాది ఏమైందో అందరికీ తెలుసు. ప్రయాణాన్ని ఆశగా చూపించడం పక్కన పెట్టండి, వీలైతే దాచాల్సిన విషయం అది.

మన తీరంలో దీనికంటే పాత ఉదంతం ఉంది. 1780 సెప్టెంబరులో కంచి పక్కన పొల్లిలూరు దగ్గర మైసూరు హైదర్ అలీ సైన్యం కంపెనీ దళాన్ని తుడిచిపెట్టింది, మద్రాసులో హాహాకారాలు. ఉత్తర సర్కారుల నుంచి సిపాయిలను ఓడల్లో తెమ్మన్నారు. అక్టోబరు 3న విశాఖపట్నంలో ఓడెక్కమని ఆజ్ఞ ఇస్తే సిపాయిలు ఎక్కలేదు సరికదా, తెల్ల అధికారుల మీదే తుపాకులు పేల్చారు. నాయకుడు సుబేదారు షేక్ మహమ్మద్. తర్వాత పట్టుకుని చంపేశారు. 1857కి 77 ఏళ్ళ ముందు మాట ఇది, అదీ వైజాగ్‌లో, ఓడెక్కనన్నందుకు! ఇవాళ తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఉన్నది అదే ఊళ్ళో.

అలాగని మనవాళ్ళెవరూ కదల్లేదనుకుంటే పొరపాటు. మద్రాసు సైన్యం బెంగాల్ సైన్యంలా కాదు, సముద్రాలు బాగానే దాటింది. 1762లో మనీలా మీద దాడికి మద్రాసు నుంచి ఓడల్లో వెళ్ళిన సిపాయిల్లో కొందరు వెనక్కి రాలేదు, మనీలా పక్కన కైంటా అనే ఊళ్ళో పెళ్ళిళ్ళు చేసుకుని స్థిరపడ్డారు, వాళ్ళ సంతతి అక్కడ ఇప్పటికీ ఉంది. 1811లో జావా, 1840లో చైనా. వీళ్ళకు చూపించిన ఎర ప్రపంచం కాదు, బత్తెం. పరాయి చోట ఉన్నన్నాళ్ళూ జీతం మీద ఇచ్చే అదనపు సొమ్ము. దాని లెక్కలు తేడా వచ్చినప్పుడల్లా సిపాయిలు గొడవకు దిగేవాళ్ళు, తెల్ల అధికారులు కూడా తక్కువ తినలేదు. ఇంకో సరదా సంగతి, క్లైవు మద్రాసు నుంచి బెంగాల్‌కు తీసుకెళ్ళిన సిపాయిల్లో తెలుగువాళ్ళు ఉండబట్టి ఉత్తరాదిలో సిపాయి అంటేనే ‘తిలంగా’ అనే పేరు పడిపోయింది. 1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిలను పిలిచింది కూడా ఆ పేరుతోనే, వాళ్ళలో తెలుగు ముక్క వచ్చినవాడు లేకపోయినా.

1914 యుద్ధంలో మన దేశం నుంచి భర్తీ అయినవాళ్ళు 13 లక్షల చిల్లర. ఫ్రాన్సు, ఈజిప్టు, మెసపొటేమియా, నిజంగా ప్రపంచం చూసింది వీళ్ళే. మరి వాళ్ళ పోస్టర్లలో ఏముంది? హిందీ, ఉర్దూల్లో వేసిన ఒక పోస్టర్ అడిగేది ఇదీ: ఈ రూపాయలు, తుపాకీ, యూనిఫాం ఎవరు తీసుకుంటారు? వెంటనే చేరేవాడు. అంతే. పిరమిడ్ లేదు, ఈఫిల్ టవర్ లేదు. సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. పంజాబ్ వైపు పాటల్లో కూడా ఇక్కడ చిరిగిన చెప్పులు, అక్కడ బూట్లు అన్న ధోరణే. కరువు చూసినవాడికి బూటు చూపిస్తే చాలు, పారిస్ అక్కర్లేదు. అయితే వాళ్ళు ఫ్రాన్సు నుంచి రాసిన ఉత్తరాలు (సెన్సారువాళ్ళు తెరిచి నకళ్ళు తీసుకోబట్టి మనకు మిగిలాయి) చదివితే అక్కడి పొలాల గురించి, చదువుకున్న ఆడపిల్లల గురించి ఆశ్చర్యపోతూ రాసినవి ఎన్నో కనిపిస్తాయి. మాట ఇవ్వని చోట ప్రయాణం దొరికిందన్నమాట.

ఇంకో చిన్న విషయం, పోస్టర్‌లో ఎప్పుడూ కనిపించనిది. సైనికుడు చూడ్డానికి వెళ్ళే ఆ ‘ప్రపంచం’ ఇంకొకరి ఊరు. స్మెడ్లీ బట్లర్ అనే మెరీన్ జనరల్ 16 ఏళ్ళకే, 1898లో చేరి క్యూబా, ఫిలిప్పీన్స్, చైనా, నికరాగ్వా, హైతీ అన్నీ తిరిగాడు. చిరుతపులి పోస్టర్‌కు సజీవ నమూనా లాంటివాడు. 1930ల్లో రిటైరయ్యాక ఆయనే చెప్పాడు, తాను సర్వీసంతా పెద్ద వ్యాపారుల తరఫున రౌడీగా పని చేశానని. అంతకంటే సూటిగా ఆ పోస్టర్ వెనక వైపు ఎవరూ రాయలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి అమెరికాలో నిర్బంధ భర్తీ ఉండేది కాబట్టి కొన్నాళ్ళు నినాదాలకు అంత పని లేదు, అయినా అలవాటు కొద్దీ నడిపారు. వియత్నాం రోజుల్లో సైన్యం చెప్పిన మాట ‘సరదా, ప్రయాణం, సాహసం’. ఇంగ్లీషులో ఆ మూడు పదాల మొదటి అక్షరాలు ఎఫ్, టీ, ఏ. సైనికులు అదే ఎఫ్‌టీఏని హెల్మెట్ల మీద రాసుకున్నారు, కాకపోతే వాళ్ళ ఎఫ్‌కి అర్థం వేరు, ఏ అంటే ఆర్మీ. మిగతాది మీరే పూర్తి చేసుకోండి. దూర దేశాలు వెళ్ళు, వింత మనుషుల్ని కలువు, వాళ్ళనే చంపు అనే వెక్కిరింత టీషర్టులెక్కింది కూడా ఆ తర్వాతే. 1973లో నిర్బంధ భర్తీ పోయింది, మళ్ళీ కుర్రాళ్ళను బతిమాలుకోవాల్సి వచ్చింది, వెంటనే పాత సీసా బయటికి తీశారు: ఇది ఉద్యోగం ఒక్కటే కాదు, సాహసం కూడా అని నేవీ కొన్నేళ్ళపాటు టీవీల్లో చెప్పింది. గమనించండి, బలవంతం ఉన్నప్పుడు నినాదం నిద్రపోతుంది, యుద్ధం లేక బలవంతమూ లేనప్పుడు లేస్తుంది.

ఇప్పుడు ఆ ఎరకు చేప పడటం కష్టం. విమానం టికెట్ ఈఎమ్ఐలో దొరుకుతోంది, బాలీ రీళ్ళు ఫోన్లో నిండిపోయాయి. అందుకే ఎర మారింది. అమెరికా సైన్యం కాలేజీ ఫీజు అంటుంది. 2009లో మొదలుపెట్టిన ఒక పథకంలో అయితే కొన్ని విదేశీ భాషలు వచ్చినవాళ్ళను, స్టూడెంట్ వీసా మీద ఉన్నా సరే, చేర్చుకుని త్వరగా పౌరసత్వం ఇచ్చారు, మన దేశం నుంచి వెళ్ళిన కుర్రాళ్ళు కూడా చేరారు, 2016లో ఆపేశారు. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళు గడిపేవాడికి ప్రపంచం చూపిస్తామంటే నవ్వుతాడు, పాస్‌పోర్టు చూపిస్తే ఆగుతాడు. 2022లో అమెరికన్ ఆర్మీ 60 వేల మంది లక్ష్యానికి 15 వేలు తక్కువ పడింది, మరుసటి ఏడాది 1980ల నాటి పాత నినాదాన్నే దుమ్ము దులిపి తెచ్చుకున్నారు. అది కూడా ప్రయాణం గురించి కాదు, నువ్వు కాగలిగినంతవాడివి కమ్మని.

మన దగ్గర? పొద్దున్నే గ్రౌండ్‌లో రన్నింగ్ చేసే కుర్రాణ్ణి అడగండి, లడఖ్ చూడాలని పరిగెడుతున్నానని ఎవడూ అనడు. పర్మినెంట్ ఉద్యోగం, క్యాంటీన్ కార్డు, పెన్షను, చెల్లి పెళ్ళి. 2022 జూన్‌లో సైన్యంలో భర్తీకి అగ్నిపథ్ అనే కొత్త పథకం ప్రకటించి నాలుగేళ్ళే సర్వీసు, నూటికి 25 మందినే ఉంచుకుంటాం అనగానే సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్ళు తగలబడ్డాయి, కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. తీసేసింది పెన్షను. అదే కాన్సస్ కుర్రాడికి చివరి నిమిషంలో ఓడ షికాగో దాటదని చెబితే ఎలా ఉంటుందో, అలాంటిదే.

వైజాగ్ వెళ్తే ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూడండి. 1969 నుంచి 2001 దాకా పని చేసి ఇప్పుడు ఇసుక మీద మ్యూజియంగా ఉంది. లోపల దారి చూపించి వివరం చెప్పేది రిటైరైన నేవీవాళ్ళే. డెబ్భైమందికి పైగా అందులో రోజుల తరబడి ఎలా ఉండేవాళ్ళో, పడుకునే బల్ల ఎంత ఇరుకో చూస్తుంటే పిల్లలు తప్పకుండా ఒక మాట అడుగుతారు, కిటికీలు ఏవి అని. ఒక్కటీ లేదు. అందులో పని చేసినవాళ్ళకు సముద్రం కూడా కనిపించేది కాదు.